ఫంక్షన్ పాయింటర్ పక్కన కామెంట్‌లో అసలు ఏం రాయాలి?

గోదారిగట్టు | రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఎంబెడెడ్‌లో (చిన్న బోర్డుల మీద నడిచే ప్రోగ్రాములు) మూడేళ్లుగా పని చేస్తున్నా. ఒక సెన్సర్ నుంచి సీరియల్ లైన్ మీద వచ్చే ప్యాకెట్లు చదివే చిన్న డ్రైవర్ సి భాషలో రాశా. డేటా రాగానే వాడేవాళ్లు ఇచ్చిన ఫంక్షన్‌ని (దాన్నే కాల్‌బ్యాక్ అంటాం) డ్రైవర్ పిలుస్తుంది, ఆ ఫంక్షన్ అడ్రస్ ఫంక్షన్ పాయింటర్‌లో ఉంటుంది. హెడర్ ఫైల్లో దాని డిక్లరేషన్ ఇలా పెట్టా (ఫోన్లో తెలుగు కీబోర్డ్ మీదున్నా, కోడ్ కూడా తెలుగులోనే కొడుతున్నా, దీన్ని కాపీ చేసి ఎవరూ కంపైలర్‌కి ఇవ్వకండి బాబూ):

/* డేటా వచ్చినప్పుడు పిలిచే కాల్‌బ్యాక్ */
ఇంట్ (*ఆన్_డేటా)(యూఇంట్8_టి *, సైజ్_టి, వాయిడ్ *);

పక్క టీమ్‌లో ఒకాయన దీన్ని వాడాడు. ఆయన ఫంక్షన్ చివర "అంతా బాగుంది" అన్న అర్థంలో రిటర్న్ 1 పెట్టాడు. నా డ్రైవర్‌లోనేమో సున్నా కాకుండా ఏదొచ్చినా "ఇక చాలు, ఆపు" అని. మొదటి ప్యాకెట్ రాగానే డ్రైవర్ నోరు మూసుకుంది. వాళ్లు సెన్సర్ పోయిందనుకుని బోర్డు మార్చారు, వైర్లు మార్చారు, రెండు రోజులు అలా పోయాయి. అది దొరికి హమ్మయ్య అనుకునేలోపు ఇంకోటి. నేనిచ్చిన బఫర్ పాయింటర్‌ని ఆయన దాచుకుని తర్వాత తీరిగ్గా చదువుతున్నాడు, నేను అదే బఫర్‌లోకి తర్వాతి ప్యాకెట్ దింపుతున్నా. ఉష్ణోగ్రత 31 రావాల్సిన చోట 7967 వచ్చింది. రెండు బైట్లలోనూ 31 కూర్చుంటే వచ్చే నంబరు అది, లెక్క కట్టుకోండి.

రివ్యూలో మా లీడ్ ఒకే ముక్క రాశాడు: "డిక్లరేషన్ సరిగ్గా డాక్యుమెంట్ చెయ్యి." ఎలా అంటే నువ్వే ఆలోచించు అంటాడు. ఆ లైన్లో రాయడానికి ఏముంది చెప్పండి? టైపులన్నీ కనిపిస్తూనే ఉన్నాయి కదా.


పాయింటర్_పంతులు | రాత్రి 9:31

టైపులు కనిపిస్తున్నాయి, సరే. పేర్లేవి నాయనా? బ్రాకెట్లలో పారామీటర్ల పేర్లు కంపైలర్‌కి అక్కర్లేదు, అది వాటిని చూసి వదిలేస్తుంది. చదివేవాడికి కావాలి. ముందు ఇలా మార్చు:

ఇంట్ (*ఆన్_డేటా)(కాన్స్ట్ యూఇంట్8_టి *బఫ్, సైజ్_టి లెన్, వాయిడ్ *యూజర్);

కాన్స్ట్ కూడా చేర్చా చూశావా. "నా బఫర్‌లో చెయ్యి పెట్టి రాయకు" అన్న మాట కామెంట్ లేకుండానే చెప్పేశాం. కంపైలర్ చేత చెప్పించగలిగినదంతా దాని చేతే చెప్పించు. మిగిలినది కామెంట్‌లోకి. నీ కేసులో మిగిలినది చాలా ఉంది: ఆ 0, 1ల అర్థం ఏంటి, బఫ్ ఎంతసేపు బతుకుతుంది, యూజర్ అన్న పాయింటర్ ఎవరిది. ఇవేవీ ఏ టైపులోనూ కనపడవు. మీ పక్క టీమ్ ఆయన పడ్డ రెండు గోతులూ వీటిలోవే.


కొత్తచెయ్యి | రాత్రి 9:40

సార్, నేను బీటెక్ సెకండ్ ఇయర్. డాక్యుమెంట్ సంగతి తర్వాత, నాకు చదవడమే రావట్లేదు. స్టార్‌ని, పేరుని కలిపి బ్రాకెట్లో ఎందుకు పెట్టాలి? తీసేస్తే ఏమవుతుంది?


పాయింటర్_పంతులు | రాత్రి 9:52

తీసేస్తే అర్థమే మారిపోతుంది. ఇంట్ *ఎఫ్(ఇంట్) అంటే ఇంట్‌కి పాయింటర్ తిరిగిచ్చే ఫంక్షన్. ఇంట్ (*ఎఫ్)(ఇంట్) అంటే ఇంట్ తిరిగిచ్చే ఫంక్షన్‌కి పాయింటర్. పేరుకి కుడివైపున్న బ్రాకెట్ల పట్టు ఎడమవైపు స్టార్ కంటే గట్టిది, కాబట్టి స్టార్‌ని ముందు పేరుకి అంటించాలంటే బ్రాకెట్ కట్టాల్సిందే.

గుర్తు పెట్టుకునే దారి ఒకటుంది. సి భాషలో డిక్లరేషన్ చూడ్డానికి వాడుకలాగే ఉండాలని డెన్నిస్ రిచీ అనుకున్నాడు. పిలిచేటప్పుడు (*ఎఫ్)(5) అని పిలుస్తావు, ఇంట్ వస్తుంది. డిక్లరేషన్ కూడా అదే బొమ్మ, ముందు ఇంట్ అని చేర్చావంతే. (ఎఫ్(5) అని స్టార్ లేకుండా పిలిచినా పనిచేస్తుంది, అందరూ అలాగే పిలుస్తారు.)


ఓరుగల్లు_సి | రాత్రి 10:05

పంతులు గారు బాగా చెప్పారు. దీనికి నేనొకటి కలుపుతా, నాకు ఇది తెలియడానికి పదేండ్లు పట్టింది. సిడెకల్ అని ఒక టూల్ ఉంటది, డిక్లరేషన్ ఇస్తే మాటల్లో చెప్తది. అది ఇంగ్లీషులో పేరు దగ్గర మొదలుపెట్టి బయటికి పోతది. ఆ వరసనే పట్టుకుని తెలుగులో అనుకోబోతే తల తిరుగుతది, ఎందుకంటే మన వాక్యం బయట మొదలై పేరు దగ్గర ఆగుతది. ఉదాహరణకి అందరినీ భయపెట్టే సిగ్నల్ అనే లైబ్రరీ ఫంక్షన్ డిక్లరేషన్ తీసుకోండి:

వాయిడ్ (*సిగ్నల్(ఇంట్ సిగ్, వాయిడ్ (*ఫంక్)(ఇంట్)))(ఇంట్);

కండ్లతో చదివేది లోపలి నుంచే, పేరు వెతుక్కుని. నోటితో చెప్పేది మాత్రం బయటి నుంచి: "ఇంట్ తీసుకుని ఏమీ ఇవ్వని ఫంక్షన్‌కి పాయింటర్‌ను తిరిగిచ్చేది, ఒక ఇంట్‌ను, మళ్లీ అలాంటి పాయింటర్‌నే తీసుకునేది, ఈ సిగ్నల్ అనే ఫంక్షన్." బయటి చివర్లలో ఉన్న వాయిడ్, ఇంట్ ముందు వచ్చినయి, పేరు ఆఖరికి వచ్చింది. ఇట్ల రెండుసార్లు గట్టిగా పైకి చదువుకుంటే చాలు.

కానీ లినక్స్ మ్యాన్ పేజీలో (ఫంక్షన్ల సహాయ పేజీ) దీన్నే టైప్‌డెఫ్‌తో, అంటే టైపుకి ఒక పేరు పెట్టి, ఎట్ల రాసిన్రో చూడండి:

టైప్‌డెఫ్ వాయిడ్ (*సిగ్‌హ్యాండ్లర్_టి)(ఇంట్);
సిగ్‌హ్యాండ్లర్_టి సిగ్నల్(ఇంట్ సిగ్‌నమ్, సిగ్‌హ్యాండ్లర్_టి హ్యాండ్లర్);

పసిపిల్లాడు కూడా చదువుతడు. ఆ పేరు సి స్టాండర్డ్‌లోది కాదు, గ్నూ వాళ్లు కలుపుకున్నది. బీఎస్‌డీలో (ఇంకో యూనిక్స్ కుటుంబం) సిగ్_టి అంటరు. స్టాండర్డ్ దానికి పేరే పెట్టలేదు. కాబట్టి గోదారిగట్టు, నువ్వు మొదట చేయాల్సింది కామెంట్ రాయడం కాదు, టైప్‌డెఫ్ పెట్టడం. కామెంట్ ఎక్కడ రాయాలో అప్పుడు దానంతటదే తెలుస్తది.


నైట్‌షిఫ్ట్ | రాత్రి 10:20

టైప్‌డెఫ్‌తో నాకు పేచీ ఉంది. పేరు వెనక పాయింటర్ దాక్కుంటుంది. కోడ్‌లో ప్యాకెట్_సీబీ సీబీ అని కనపడితే అది స్ట్రక్టా, నంబరా, పాయింటరా ఎవరికి తెలుసు? లినక్స్ కెర్నల్ కోడింగ్ స్టైల్‌లో కూడా స్ట్రక్టులకి, పాయింటర్లకి టైప్‌డెఫ్ పెట్టొద్దనే ఉంది.


ఓరుగల్లు_సి | రాత్రి 10:26

అదే కెర్నల్‌లో ఐఆర్‌క్యూ_హ్యాండ్లర్_టి ఉంది, వర్క్_ఫంక్_టి ఉంది అన్నా. రెండూ ఫంక్షన్ పాయింటర్ల టైప్‌డెఫ్‌లే. రూలు ఒకటి, అవసరం ఒకటి.


నైట్‌షిఫ్ట్ | రాత్రి 10:41

ఉన్నాయి, కాదనను. నాకు నచ్చేది మధ్యే మార్గం. పాయింటర్‌కి కాకుండా ఫంక్షన్‌కే టైప్‌డెఫ్ పెట్టండి:

టైప్‌డెఫ్ ఇంట్ ప్యాకెట్_ఫన్(కాన్స్ట్ యూఇంట్8_టి *బఫ్, సైజ్_టి లెన్, వాయిడ్ *యూజర్);

ఇక స్ట్రక్ట్‌లో ప్యాకెట్_ఫన్ *ఆన్_డేటా; అని వస్తుంది. స్టార్ కళ్లెదురుగా ఉంది, బ్రాకెట్ల గొడవ లేదు. ఇంకో లాభం ఏంటంటే, వాడేవాడు తన ఫైల్లో స్టాటిక్ ప్యాకెట్_ఫన్ టెంపరేచర్_వచ్చింది; అని ఒక ప్రోటోటైప్ పెట్టుకుని కింద ఫంక్షన్ రాసుకోవచ్చు. పారామీటర్ తేడా వస్తే కంపైలర్ అక్కడికక్కడే, ఆ ఫంక్షన్ దగ్గరే పట్టుకుంటుంది. ఎక్కడో రిజిస్టర్ చేసిన లైన్లో కాదు. ఫంక్షన్ ఒళ్లు మాత్రం టైప్‌డెఫ్‌తో రాయడం కుదరదు, అక్కడ పారామీటర్లు పూర్తిగా రాయాల్సిందే. ఇది చాలామందికి తెలియదు, వాడితే వదలరు.


గోదారిగట్టు | రాత్రి 10:48

ఇది బాగుంది అన్నా, నేనెప్పుడూ చూడలేదు. సరే టైప్‌డెఫ్ అయింది. కామెంట్ మాటేంటి?


బీచ్‌రోడ్ | రాత్రి 11:10

కామెంట్ ఎలా రాయాలో తెలియాలంటే బాగా రాసినవాళ్లది చూడాలి. లిబ్‌కర్ల్ అనే డౌన్‌లోడ్ లైబ్రరీలో వచ్చిన డేటాని మనకందించే రైట్ కాల్‌బ్యాక్ ఒకటుంది. నాలుగు పారామీటర్లు: క్యార్ పాయింటర్, సైజ్, ఎన్‌మెంబ్, యూజర్‌డేటా. తిరిగిచ్చేది సైజ్_టి. టైపులు చూస్తే ఏముంది, ఫైల్లోకి రాసే ఎఫ్‌రైట్ లాగా ఉందిలే అనుకుని వెళ్లిపోతాం. ఆ డాక్యుమెంట్ పేజీ ఏం చెబుతుందో చూడండి. సైజ్ ఎప్పుడూ 1 అని చెబుతుంది. వచ్చిన డేటా చివర సున్నా బైటు ఉండదని చెబుతుంది, అంటే స్ట్రింగ్ అనుకుని పొడవు కొలిచే ఎస్‌టీఆర్‌లెన్ కొట్టావో అంతే. ఎన్ని బైట్లు తీసుకున్నావో ఆ లెక్క తిరిగివ్వాలని, తేడా వస్తే డౌన్‌లోడే ఆగిపోయి రైట్ ఎర్రర్ వస్తుందని చెబుతుంది. ఖాళీ ఫైలైతే సున్నా బైట్లతో కూడా పిలవొచ్చని చెబుతుంది. ఒక్కసారిగా ఎంత వరకు రావొచ్చో, మామూలుగా 16 కేబీ, అదీ చెబుతుంది.

వీటిలో ఒక్కటైనా డిక్లరేషన్ చూసి కనిపెట్టగలమా? పైగా తిరిగిచ్చే విలువ ఒక్కో లైబ్రరీలో ఒక్కోలా ఉంటుంది. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీలో ఎగ్జెక్‌కి ఇచ్చే కాల్‌బ్యాక్ సున్నా కానిది తిరిగిస్తే క్వెరీ ఆగిపోయి అబార్ట్ అని వస్తుంది. అదే కర్ల్‌లో డేటా వచ్చినప్పుడు సున్నా ఇస్తే ఆగిపోతుంది. ఈ రెండూ ఒకే ప్రాజెక్టులో వాడేవాడి గతి ఏంటి? మీ పక్క టీమ్ ఆయన్ని తిట్టాల్సిన పనే లేదు.


కొత్తచెయ్యి | రాత్రి 11:15

కామెంట్ రాయమని ఏఐకి ఇస్తే రాసేస్తుందిగా సార్?


బీచ్‌రోడ్ | రాత్రి 11:19

రాస్తుంది తమ్ముడూ. "బఫ్: బఫర్‌కి పాయింటర్. లెన్: బఫర్ పొడవు" అని చక్కగా రాస్తుంది. ఆ బఫర్‌లోకి తర్వాతి ప్యాకెట్ దింపుతున్న సంగతి హెడర్ ఒక్కటే చూసి దానికెలా తెలుస్తుంది, డ్రైవర్ ఫైలు కూడా ఇచ్చి అడగాలి. ఇచ్చినా అది ప్రస్తుతం ఏం జరుగుతోందో చెబుతుంది. రేపు కూడా అలాగే ఉంటుందని మాట ఇవ్వాల్సింది గోదారిగట్టు.


పాయింటర్_పంతులు | ఉదయం 6:45

పొద్దున్నే కాఫీతో చదువుతున్నా, ఇంకోటి గుర్తొచ్చింది. వాయిడ్ పాయింటర్లు (టైపు చెప్పని పాయింటర్లు) తీసుకునే ఫంక్షన్ అయితే ఆ పాయింటర్ దేని మీదికి చూస్తోందో కచ్చితంగా రాయాలి. అర్రేని వరసలో పెట్టే క్యూసార్ట్ దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ పిల్లలు పడే తప్పు: క్యార్ పాయింటర్ల అర్రే ఉంటుంది, పోల్చే ఫంక్షన్‌గా స్ట్రింగులు పోల్చే ఎస్‌టీఆర్‌సీఎంపీని క్యాస్ట్ చేసి (టైపు బలవంతంగా మార్చి) ఇచ్చేస్తారు. కంపైల్ అవుతుంది. సార్ట్ మాత్రం ఏదో పిచ్చి వరసలో వస్తుంది. క్యూసార్ట్ ఇచ్చేది ఎలిమెంట్ కాదు, ఎలిమెంట్‌కి పాయింటర్. ఎలిమెంటే ఒక పాయింటర్ అయినప్పుడు నీకొచ్చేది పాయింటర్‌కి పాయింటర్. మ్యాన్ పేజీలో ఉదాహరణ పక్కన ఈ ముక్క కామెంట్‌గా రాసి మరీ పెట్టారు, ఎంతమంది పడి ఉంటారో ఊహించు.

అర్రేలో వెతికే బీసెర్చ్‌లోనూ అంతే. పోల్చే ఫంక్షన్‌కి మొదటిది వెతికే కీ, రెండోది అర్రేలోని ఎలిమెంట్, ఈ వరస స్టాండర్డే చెబుతుంది. కాబట్టి కీ ఒక టైపు, ఎలిమెంట్ ఒక టైపు అయినా నిక్షేపంగా వాడుకోవచ్చు. డిక్లరేషన్‌లో మాత్రం రెండూ కాన్స్ట్ వాయిడ్ స్టార్లే, కవల పిల్లల్లాగా.


నైట్‌షిఫ్ట్ | ఉదయం 7:30

కవలలంటే గుర్తొచ్చింది, క్యూసార్ట్_ఆర్ సంగతి చూడండి. మామూలు క్యూసార్ట్‌కి మన సొంత డేటా అందించే దారి లేదని దీన్ని పెట్టారు. జీలిబ్‌సీలో (లినక్స్‌లో వాడే సి లైబ్రరీ) పోల్చే ఫంక్షన్‌కి రెండు ఎలిమెంట్లు ముందు, మన డేటా ఆఖర్న. పాత బీఎస్‌డీలో మన డేటా ముందు, ఎలిమెంట్లు తర్వాత, పైగా క్యూసార్ట్_ఆర్‌కి ఇచ్చేటప్పుడు కూడా డేటా, ఫంక్షన్ తారుమారు. పేరు ఒకటే! ఫ్రీబీఎస్‌డీ 14లో జీలిబ్‌సీ వరసకి మారారు, 2024 పోసిక్స్ (యూనిక్స్ స్టాండర్డ్)లోకి అదే వరస ఎక్కింది, మ్యాక్‌లో ఇంకా పాత వరసే. మూడు వాయిడ్ పాయింటర్లకి పేర్లు పెట్టకుండా డిక్లరేషన్ రాస్తే ఏది ఎవరిదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.


కొత్తచెయ్యి | ఉదయం 8:05

మా ల్యాబ్ మాన్యువల్‌లో ఇంట్ (*ఎఫ్)() అని ఖాళీ బ్రాకెట్లు ఉన్నాయి. దాన్ని రెండు నంబర్లతో పిలిచారు. అది తప్పా?


నైట్‌షిఫ్ట్ | ఉదయం 8:14

ఇన్నాళ్లూ తప్పు కాదు, ఇప్పుడు తప్పు. సి23 (సి భాష కొత్త స్టాండర్డ్)కి ముందు ఖాళీ బ్రాకెట్లంటే "పారామీటర్లేంటో చెప్పట్లేదు" అని అర్థం. సి23లో వాయిడ్ అని రాసినట్టే, అంటే ఏమీ తీసుకోదు. జీసీసీ కంపైలర్ 15 నుంచి ఏమీ చెప్పకపోతే సి23నే వాడుతుంది కాబట్టి మీ మాన్యువల్ కోడ్ అక్కడ ఎర్రర్ కొడుతుంది. ఏమీ తీసుకోకపోతే వాయిడ్ అని రాయండి, తీసుకుంటే ఏం తీసుకుంటుందో రాయండి. ఖాళీగా వదలడమంత పనికిమాలిన డాక్యుమెంటేషన్ లేదు.

గోదారిగట్టు, నువ్వు కెర్నల్‌డాక్ (లినక్స్ కెర్నల్‌లో కామెంట్లు రాసే) పద్ధతిలో రాయి. టైప్‌డెఫ్ మీద రాస్తే ఒక్కో పారామీటర్‌కి ఒక్కో లైను వస్తుంది. స్ట్రక్ట్ మెంబర్ దగ్గరైతే ఆ మెంబర్ మొత్తానికి ఒకే వివరణ, లోపలి పారామీటర్లకి విడిగా చోటుండదు. అందుకే వివరమంతా టైప్‌డెఫ్ దగ్గర పెట్టి, స్ట్రక్ట్ దగ్గర "ప్యాకెట్_ఫన్ చూడు" అని వదిలెయ్. అందులో సందర్భం అని ఒక లైను ఉంటుంది, అది మర్చిపోకు. ఏ థ్రెడ్ నుంచి పిలుస్తావు, ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ మధ్యలో ఆపి పిలిచే కోడ్) లోపలి నుంచా, ఏదైనా లాక్ పట్టుకుని పిలుస్తావా. నేను చూసిన కాల్‌బ్యాక్ బగ్గుల్లో ఎక్కువ అక్కడివే.


గోదారిగట్టు | మధ్యాహ్నం 1:20

లంచ్ మానేసి రాశా. చూడండి:

/**
 * టైప్‌డెఫ్ ప్యాకెట్_ఫన్ - పూర్తి ప్యాకెట్ అందినప్పుడు డ్రైవర్ పిలిచే ఫంక్షన్
 * @బఫ్: ప్యాకెట్ బైట్లు. డ్రైవర్ సొంతం. ఈ ఫంక్షన్ ముగిశాక చెల్లవు, కావాలంటే లోపలే కాపీ చేసుకోవాలి.
 * @లెన్: బైట్ల సంఖ్య, 1 నుంచి 64 వరకు. సున్నాతో ఎప్పుడూ పిలవదు.
 * @యూజర్: రిజిస్టర్ చేసినప్పుడు మీరిచ్చిన పాయింటర్. డ్రైవర్ దాన్ని చదవదు, ఫ్రీ చేయదు. అన్‌రిజిస్టర్ చేసేదాకా బతికి ఉండాలి.
 *
 * సందర్భం: ఇంటరప్ట్ లోపలి నుంచి పిలుస్తుంది. ఆగి ఎదురుచూడకూడదు, మాలాక్, ప్రింట్‌ఎఫ్ వాడకూడదు.
 * రిటర్న్: కొనసాగాలంటే 0. వేరే ఏదిచ్చినా డ్రైవర్ ఆగుతుంది, మళ్లీ స్టార్ట్ పిలవాలి.
 */


ఓరుగల్లు_సి | మధ్యాహ్నం 1:34

మస్తుంది. ఒక ప్రశ్న. రిజిస్టర్ చేసేటప్పుడు ఫంక్షన్ బదులు నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తే?


గోదారిగట్టు | మధ్యాహ్నం 1:52

కోడ్ తీసి చూశా. చెక్ లేదు. ఇంటరప్ట్‌లో నేరుగా పిలిచేస్తున్నా, నల్ ఇస్తే బోర్డు హార్డ్‌ఫాల్ట్‌లోకి వెళ్లిపోతుంది. ఏం రాయాలో తెలియక కోడ్‌నే మార్చా: నల్ ఇస్తే రిజిస్టర్ ఫంక్షనే ఎర్రర్ ఇస్తుంది, కామెంట్‌లో ఆ లైను కలిపా.


బీచ్‌రోడ్ | మధ్యాహ్నం 2:10

అన్‌రిజిస్టర్ పిలిచి తిరిగొచ్చాక ఇంకో కాల్‌బ్యాక్ వచ్చే అవకాశం ఉందా? "అన్‌రిజిస్టర్ చేసేదాకా బతికి ఉండాలి" అన్నావు. ఆ లైను చదివి నేను మరుసటి లైన్లో యూజర్‌ని ఫ్రీ చేసేస్తా.


గోదారిగట్టు | మధ్యాహ్నం 2:41

అమ్మో. చూశా, అక్కడ బతికిపోయా. అన్‌రిజిస్టర్‌లో ముందు ఇంటరప్ట్ ఆపి ఆ తర్వాతే పాయింటర్ తీసేస్తున్నా, బోర్డులో ఒకటే కోర్. "అన్‌రిజిస్టర్ ముగిశాక మళ్లీ పిలవదు" అని స్పష్టంగా రాశా. కాల్‌బ్యాక్ లోపలి నుంచే అన్‌రిజిస్టర్ పిలవొచ్చా అని మీరు అడిగేలోపే చెబుతున్నా, పిలవొచ్చు, అదీ రాశా.


పాయింటర్_పంతులు | మధ్యాహ్నం 3:05

ఆ ఇంట్ రిటర్న్ కూడా తీసెయ్. ప్యాకెట్_కొనసాగు, ప్యాకెట్_ఆపు అని రెండు విలువల ఈనమ్ (పేర్లున్న విలువల టైపు) పెట్టు. రిటర్న్ 1 అని ఎవరైనా రాస్తే సి ఆపదు, నిజమే. కానీ నెగటివ్ విలువలు లేని ఈనమ్‌ని జీసీసీ మామూలుగా అన్‌సైన్డ్ ఇంట్‌గా తీసుకుంటుంది కాబట్టి ఇంట్ తిరిగిచ్చే పాత ఫంక్షన్‌ని రిజిస్టర్ చేయబోతే టైపు కుదరదంటుంది. పాత వెర్షన్లలో అది వార్నింగ్, జీసీసీ 14 నుంచి ఎర్రర్. నోరు మూయించడానికి క్యాస్ట్ పెట్టనివ్వకు సుమా, టైపు కుదరని పాయింటర్‌తో ఫంక్షన్‌ని పిలిస్తే ఏం జరుగుతుందో స్టాండర్డ్ ఏ హామీ ఇవ్వదు. మీ పక్క టీమ్ ఆయన ఫంక్షన్ ఆ రోజే ఎర్రర్ కొట్టి ఉంటే, ఎందుకా అని హెడర్ తెరిచి చూసి ఉండేవాడు.


గోదారిగట్టు | సాయంత్రం 6:30

ఈనమ్ పెట్టా. అన్నట్టే పక్క టీమ్ బిల్డ్ ఎర్రర్ కొట్టింది, ఆయన ఫోన్ చేసి ఇదేంటని అడిగాడు, "పైనున్న కామెంట్ చదవండి అన్నా" అన్నా. చదివి ఐదు నిమిషాల్లో సరిచేసుకుని, "ఇది ముందే రాసి ఉంటే బోర్డు మార్చేవాళ్లం కాదు కదయ్యా" అన్నాడు. ఏం మాట్లాడతాం.

లీడ్ అప్రూవ్ చేశాడు, ఒక్క కామెంట్‌తో: "64 ఏంటి? అదే హెడర్‌లో మ్యాక్రో ఉంది కదా, దాని పేరు రాయి, రేపు 128 చేస్తే ఈ లైను ఎవరు మారుస్తారు?" మార్చి పంపా.